పాత డిస్కులున్నాయా? కొత్త కన్సోల్ కొనేముందు ఇది చూడండి

కొత్త కన్సోల్ అనగానే అందరూ గ్రాఫిక్స్ గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు అల్మరాలోని పాత డిస్కులు బయటికి తీశా. బీటెక్‌లో పాకెట్ మనీ దాచుకుని కొన్న ఎక్స్‌బాక్స్ 360 గేమ్స్ అవి. పారేయడానికి మనసొప్పదు కదా!

2020 నవంబర్‌లో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ పాత గేమ్స్ ఆడిస్తాయి. తేడా ఎంత వెనక్కి వెళ్తాయన్నదే.

పీఎస్5: పీఎస్4 గేమ్స్ దాదాపు అన్నీ నడుస్తాయి. పీఎస్3, పీఎస్2 డిస్కులు మాత్రం పనిచేయవు.

సిరీస్ ఎక్స్: కైనెక్ట్ కావాల్సినవి తప్ప ఎక్స్‌బాక్స్ వన్ గేమ్స్ ఆడొచ్చు. వాటితో పాటు 360, మొదటి ఎక్స్‌బాక్స్ గేమ్స్ కూడా కొన్ని నడుస్తాయి. 360 డిస్క్ పెడితే గేమ్ నెట్ నుంచి డౌన్‌లోడ్ అవుతుంది. కానీ ఆడినంతసేపూ డిస్క్ లోపలే ఉండాలి. 2021 నవంబర్‌లో 76 గేమ్స్ చేర్చాక, లైసెన్స్, టెక్నికల్ ఇబ్బందుల వల్ల ఇక చేర్చలేమని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. అందుకే మీ గేమ్ లిస్టులో ఉందో లేదో ముందే చూసుకోండి.

అసలు చిక్కు ధర దగ్గరే. తక్కువకు వస్తోందని సిరీస్ ఎస్ గానీ, పీఎస్5 డిజిటల్ ఎడిషన్ గానీ తీసుకుంటే డిస్క్ పెట్టే చోటే ఉండదు.

పీఎస్4 డిస్కులుంటే డ్రైవ్ ఉన్న పీఎస్5, 360 డిస్కులుంటే సిరీస్ ఎక్స్. నా ఓటు రెండోదానికే.