రామగుండం - మంచిర్యాల ప్రాంతంలో గాలపు వేట

రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, కాసిపేట, బెల్లంపల్లి మొదలైన ఊళ్ళతో కూడిన సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో గోదావరి నది, దాని ఉపనదులు, జలాశయాలలో వినోదం కొరకు గాలంతో చేపలు పట్టడాన్ని గాలపు వేట అంటారు. అండమాన్ దీవుల వంటి సముద్ర ప్రాంతాలలో ఇది పడవలు, మార్గదర్శకులు, అనుమతి పత్రాలతో నడిచే పర్యాటక క్రీడ. గనుల ప్రాంతంలో అటువంటి పేరున్న కేంద్రాలు ఏర్పడలేదు. ఇక్కడ నీరు విస్తారంగానే ఉన్నది గాని, ఏ నీటిలో గాలం వేయవచ్చును అనేది చేపను బట్టి కాక, ఆ నీరు ఎవరి అధీనంలో ఉన్నది, ఎప్పుడు పెరుగుతుంది అనేవాటిని బట్టి నిర్ణయమవుతుంది.

నేపథ్యం

ఈ ప్రాంతంలో గాలం వేయడం గనుల కంటే పాతది. వెదురు కర్ర, తంగూసు దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, చిన్న సీసపు గుండు - పాత పద్ధతిలో సామగ్రి ఇంతే. రీలు, ఫైబరు కర్ర, రబ్బరు కప్ప వంటి కృత్రిమ ఎరలు తరువాత వచ్చాయి. సింగరేణిలో వారపు సెలవు దినాన్ని ప్లేడే అంటారు. గనిలో దిగే పని లేని ఆ రోజున ఖర్చు లేని కాలక్షేపాలలో గాలం ఒకటి.

వేట స్థలాలు

శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం ఈ ప్రాంతంలో అన్నిటికంటె పెద్దది. గోదావరిపై నిర్మించిన ఈ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 148 మీటర్లు, నిల్వ సామర్థ్యం 20.175 టీఎంసీలు, గేట్లు 62. రామగుండం విద్యుత్ కేంద్రానికి, 2015 నుండి హైదరాబాదు త్రాగునీటికి ఇక్కడి నీరే పోతున్నది. అందువలన వర్షాకాలం చివర నిండుగా ఉన్న జలాశయం వేసవికి బాగా తగ్గుతుంది, ఒడ్డు నెలనెలా జరుగుతూ ఉంటుంది. గత వారం గాలం వేసిన చోట ఈ వారం బురద మాత్రమే మిగలవచ్చును. అడుగున ముంపు గ్రామాల మొండి గోడలు, చెట్ల మోళ్ళు ఉన్నందున గాలాలు చిక్కుకొని తెగిపోతాయి. కాని పెద్ద చేపలు నిలిచేది కూడా అటువంటి చోట్లనే. జలాశయపు ఎగువ భాగంలో, శాతవాహన నాణేలకు ప్రసిద్ధి చెందిన కోటిలింగాల వద్ద పెద్దవాగు గోదావరిలో కలుస్తుంది. వాగు నీరు నదిలో కలిసే ఇటువంటి చోట్లకు మేత కొట్టుకొని వస్తుంది గనుక చేపలు చేరుతాయి.

ఎల్లంపల్లికి దిగువన మంచిర్యాల, గోదావరిఖనిల మధ్య నది స్వభావం ఇటీవలి సంవత్సరాలలో రెండుసార్లు మారినది. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ప్రారంభమైన తరువాత సుందిళ్ల బ్యారేజీ వెనుక నీరు నిలిచి, వేసవిలో ఇసుక మేటలతో కనిపించే నది సరస్సు వలె మారినది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగిన పిమ్మట, 2024లో సుందిళ్ల, అన్నారం బ్యారేజీల గేట్లు కూడా ఎత్తి ఉంచారు. నది మరల మడుగులు, పాయలు, నడుమ ఇసుక తిప్పలుగా విడిపోయినది. గాలం వేసేవారికి ఈ మార్పు చిన్నది కాదు. నిలిచిన లోతు నీటిలో బొచ్చె, బంగారుతీగ వంటివి చెల్లాచెదురుగా తిరుగుతాయి. పాయలు ఎండినప్పుడు చేపలన్నీ మడుగులలో ఇరుక్కుంటాయి. అప్పుడు పట్టడం సులభం, అయితే మరుసటి సంవత్సరానికి గుడ్లు పెట్టవలసిన చేపలు కూడా అవే.

ఈ భాగంలో ముఖ్యమైన ప్రమాదం ఎగువ గేట్లు. ఇక్కడ వాన లేకపోయినా ఎగువన కురిసిన వానకు గేట్లు ఎత్తుతారు. సైరన్ మోగినా దూరాన ఉన్నవారికి వినపడకపోవచ్చును. నడుమ తిప్పపై కూర్చున్నవారికి ముందుగా తెగేది వచ్చిన దారి, ఆ తరువాతనే తిప్ప మునుగుతుంది. కనుక జులై నుండి అక్టోబరు వరకు తిప్పలపైకి పోకుండుట, గేట్లకు దిగువన నీటిలో దిగకుండుట తప్పనిసరి.

కడెం నారాయణరెడ్డి ప్రాజెక్టు నిర్మల్ జిల్లాలో, గోదావరి ఉపనది కడెం వాగుపై ఉన్నది. గేట్లు 18, పూర్తి నీటిమట్టం 700 అడుగులు. కొండలు, అడవి చుట్టుకొని ఉన్న ఈ జలాశయం చూడడానికి ఈ ప్రాంతంలో అన్నిటికంటె అందమైనదని చెప్పవచ్చును. అయితే పరీవాహక ప్రాంతం ఏటవాలుగా ఉండుటచే వరద గంటల వ్యవధిలో వస్తుంది. 1958, 1995 సంవత్సరాలలో ఆనకట్టకు గండి పడినది. 2022 జులైలో వరద గేట్ల పైనుండి పొర్లినది.

భీమారం మండలంలోని గొల్లవాగు, వేమనపల్లి మండలంలోని నీల్వాయి మధ్యతరహా ప్రాజెక్టులు. మంచిర్యాల వద్ద గోదావరిలో కలిసే రాళ్ళవాగు, ఇంకా ఊరూరా ఉన్న చెరువులు ప్లేడే నాటి వేటకు దగ్గరి చోట్లు. కొర్రమీనుకు పెద్ద జలాశయాల కంటె తుంగ, తామర పెరిగిన చెరువులే అనువైనవి.

గాలం వేయకూడని చోట్లు

మంచిర్యాలకు దిగువన గోదావరిపై గల శివ్వారం అభయారణ్యం మగ్గర్ మొసళ్ళ సంరక్షణకై ఏర్పడినది. ఎల్-మడుగు అనే లోతైన మడుగు ఇక్కడిదే. లోతు, నిశ్శబ్దం, పెద్ద చేపలు - వేటగాడు కోరేవన్నీ ఇక్కడ ఉన్నాయి, కాని మొసలికి ఆ చేపలే ఆహారం. 136 చదరపు కిలోమీటర్ల ప్రాణహిత అభయారణ్యం, 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యం కూడా ఈ జాబితాలోనివే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిలో అనుమతి లేకుండా చేపలు పట్టరాదు. కర్ణాటకలో కావేరి నదిపై భీమేశ్వరి, గాలిబోరె వంటి ప్రసిద్ధ మహసీరు వేట శిబిరాలలో, పట్టిన చేపను తిరిగి వదిలే పద్ధతి ఉన్నప్పటికీ, అభయారణ్యంలో ఉన్నందున వేట నిలిచిపోయినది.

రామగుండం విద్యుత్ కేంద్రం జలాశయం భద్రతా పరిధిలోనిది. 2022 జులై 1 నుండి దానిలో సుమారు 500 ఎకరాలపై 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ ఫలకాలు పనిచేస్తున్నాయి.

ఓపెన్‌కాస్ట్ గనుల గోతులలో నిలిచిన నీరు దూరానికి చెరువు వలె కనిపిస్తుంది. చెరువుకు వాలు ఉంటుంది, గోతికి ఉండదు. ఒడ్డు నుండి ఒక్క అడుగు జారితే మనిషి లోతు దాటుతుంది. పక్కనున్న ఓబీ మట్టి గుట్టలు వానకు జారుతాయి. గని ఆవరణలోనికి అనుమతి లేకుండా పోవడం నేరం కూడాను.

చేపలు, ఎరలు

కొర్రమీనును 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. గాలి పీల్చగల చేప గనుక తక్కువ నీటిలోనూ బ్రతుకుతుంది. చిన్న కప్ప, చిన్న చేప, రబ్బరు కప్ప దీనికి ఎరలు. వానల కాలంలో దీని పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపై తేలుతూ ఉంటే తల్లిదండ్రులు క్రింద కాపలా కాస్తాయి. ఆ గుంపులో ఏది పడినా పెద్ద చేప కోపంతో అందుకొంటుంది. ఈ సంగతి తెలిసినవారు అక్కడే గాలం వేస్తారు. కాపలా చేప పోయిన గంటలోనే ఆ పిల్లలు జిలేబిలకు, ఇతర చేపలకు ఆహారమవుతాయి కనుక ఇది వేటలో అన్నిటికంటె చెడు అలవాటు.

వాలుగ పెద్ద నోరు, పదునైన పండ్లు గల మాంసాహారి. రాత్రివేళ బ్రతికున్న చిన్న చేపను ఎరగా వేసి దీనిని పడతారు. పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించిన విశాఖపట్నం చేపల గ్రంథంలో చేపలకు తెలుగు పేర్లు ఇచ్చాడు. ఈ చేప ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన వల్లాగో అనే పేరు మన వాలుగయే. ఇది ఇప్పుడు అంతర్జాతీయ జాబితాలో హాని పొందగల జాతులలో ఉన్నది.

రవ్వ అనబడే రోహు, బొచ్చె, బంగారుతీగ గోధుమపిండి, బెల్లం, చెక్క కలిపిన ముద్దకు వస్తాయి. జెల్లలకు వానపాము చాలు. 1952లో భారతదేశానికి తెచ్చిన తిలాపియాను ఇక్కడ జిలేబి అంటారు. పిల్లలకు మొదటి చేప తరచుగా ఇదే. పెంపకం 2000లో నిషేధించబడిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ గాలానికి పడితే తిరిగి నీటిలో వదలరాదు.

హక్కులు

చెరువులలోను, జలాశయాలలోను చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. గంగపుత్ర, ముదిరాజ్ కులాలవారు ఎక్కువగా ఈ సంఘాలలో సభ్యులు. 2016 నుండి ప్రభుత్వం పథకం క్రింద వదిలిన చేప పిల్లలు పెరిగి ఇచ్చే రాబడియే వారి జీవనాధారం. అందువలన చెరువులో గాలానికి పడిన రెండు కిలోల రవ్వ అడవి చేప కాదు, ఒకరి పంట. సంఘాన్ని అడిగి గాలం వేయుట, వారు కోరితే రుసుము చెల్లించుట లేక తూకం వేసి కొనుట మర్యాద మాత్రమే కాదు, చట్టానికి కూడా అదే సమ్మతం. నది పాయలలో వలలు కట్టి ఉన్న చోట గాలం వేస్తే వల చిరుగుతుంది. ఒక వల ఖరీదు ముందు గాలపు వినోదం ఏపాటిది?

తోటాలు పేల్చి గాని, విషం కలిపి గాని చేపలు పట్టడం చట్టం ప్రకారం నేరం. పేలుడుకు చచ్చిన చేపలలో చాలా భాగం అడుగుకు మునిగిపోయి ఎవరికీ దక్కవు.

చేరుకొనే విధము

రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి స్టేషనులు కాజీపేట - బల్లార్షా రైలు మార్గంపై ఉన్నాయి. హనుమకొండ వద్ద గల కాజీపేట వేరు, మంచిర్యాల జిల్లాలోని కాసిపేట వేరు. కాసిపేటకు మందమర్రి లేదా బెల్లంపల్లిలో దిగి రోడ్డు మార్గాన పోవలెను. ఎల్లంపల్లికి రామగుండం, మంచిర్యాల రెండూ సమీపమే. కడెం ప్రాజెక్టుకు మంచిర్యాల నుండి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా దారి ఉన్నది. దారిలో కొంత భాగం కవ్వాల్ అడవి గుండా పోతుంది.