తప్పు చెప్పిన కుర్రవాడు

మన పీళమేడు వైపు ఇండ్లలో పంపుల మాట రాని పూట ఉండదు. 1937లో జి. డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి మన దేశపు మొదటి ఎలెక్ట్రిక్ మోటారును తయారుచేసినది ఈ కోయంబత్తూరులోనే గదా!

ఇరువది ఏండ్ల క్రిందట మేము లెక్కలు వ్రాసిన పోత కార్ఖానాలో, కొత్తగా చేరిన కుర్రవాడొకడు పంపు బాడీని సుత్తితో తట్టి, "అన్నా, దీని గొంతు బాగులేదు" అన్నాడు. పోతలో గాలి చిక్కితే లోపల బొక్క పడుతుంది. మేస్త్రీకి కోపం వచ్చినది. సరుకు మరునాడే మదురైకి పోవలెను. పుట్టీ పూసి రంగు వేస్తే ఎవరికి తెలుస్తుంది? మాకును అట్లే తోచినది, దాచడమెందుకు? కుర్రవాడు మా గదికే వచ్చి, "అయ్యా, మీరైనా పుస్తకంలో వ్రాయండి" అన్నాడు. వ్రాసినాము. పగులగొట్టి చూస్తే బొటనవ్రేలు దూరే బొక్క! ఆ దినం పోసినవన్నీ తట్టగా మరి నాలుగు బయటపడినవి. అవి మళ్ళీ కొలిమికి పోయినవి. నష్టం ఒకనాటి బొగ్గు, కూలి. అదే రైతు బావిలో, చెరకు ఎండే వేళ పగిలి ఉంటే?

కెనడాలోని క్విబెక్ వంతెన సంగతి మేము చదివినది తరువాత. 1907 ఆగస్టులో, వంతెన ఇంకా కట్టుచుండగానే, క్రింది ఉక్కు దూలాలు వంగుచున్నవని నార్మన్ మెక్లూర్ అనే యువ ఇంజనీరు కనిపెట్టినాడు. ఒకదాని వంపు ముప్పాతిక అంగుళం నుంచి రెండంగుళాలు దాటినది. ఆ వంపు కార్ఖానా నుంచి వచ్చినప్పుడే ఉన్నదని కంపెనీవారు వాదించినారు. మెక్లూర్ న్యూయార్కుకు పోయి పెద్ద ఇంజనీరు థియొడోర్ కూపర్‌కు చెప్పినాడు. ఇక బరువు ఎక్కించవద్దని 29వ తేదీన కూపర్ తంతి కొట్టించినాడు. అయితే అది పోయినది పెన్సిల్వేనియాలోని కంపెనీ ఆఫీసుకు. వంతెన దగ్గరికి కాదు. ఆ సాయంకాలం, పని ముగిసే కూతకు కొద్ది ముందు, వంతెన కూలినది. పైనున్న 86 మందిలో 75 మంది చనిపోయినారు. చెప్పినవాడు చెప్పినాడు, విన్నవాడు విన్నాడు. మాట మాత్రం పనివాని చెవికి అందలేదు.

మా యజమాని ఆ ఏడే పోత కొట్టం గుమ్మానికి ఒక నోటుపుస్తకం వ్రేలాడగట్టించినారు, తప్పు కంటబడినవాడెవడైనా వ్రాయవచ్చునని. మొదటి నెల ఎవరూ ముట్టలేదు; మేస్త్రీ చూస్తాడని భయం. తరువాత ఒక ఉదయం మేము తెరువగా, మన ఇండ్ల తెలుగు మాటలే, తమిళ అక్షరాలలో: "గొంతు బాగులేదు. మూడో వరుస."