చిన్న విమానం - బరువు లెక్క



మా పిన్ని భువనేశ్వర్‌లో ఉన్న కూతురి పురుడుకి బయలుదేరి, జయపురంలో మొదటిసారి విమానం ఎక్కబోయింది. సంచీ నిండా చింతపండు, పసుపు, చోడిపిండి. అక్కడి కుర్రాడు సంచీ తూచి, "అమ్మా, మీరు కూడా ఒకసారి కాటా మీద నిలబడండి" అన్నాడు. పిన్నికి చిన్నతనం అనిపించింది. "సంతకెళ్ళే జీపులో పదిహేనుమందిని కుక్కినా ఎవరూ తూచరు. నేనేమైనా ధాన్యం బస్తానా?" అని నన్నడిగింది. ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి ప్రసంగం.

2022 అక్టోబరు 31న భువనేశ్వర్, జయపురం మధ్య 9 సీట్ల విమానం మొదలైంది. అది సెస్నా గ్రాండ్ కారవాన్ రకం. ఒకే ఇంజను. నేల విడిచేటప్పుడు దాని మొత్తం బరువు 3,995 కిలోలు దాటరాదు.

జీపులో బరువెక్కువైతే సాలూరు ఘాటీ ఎక్కలేక ఆగిపోతుంది. నలుగురు దిగి తోస్తారు. జీపు బరువును నేల మోస్తుంది కనుక ఆ వెసులుబాటు ఉంది. విమానాన్ని మోసేది రెక్కల మీదుగా పారే గాలి. బరువు పెరిగితే లేవడానికి ఎక్కువ వేగం కావాలి, ఎక్కువ రన్‌వే కావాలి. లేచాక పైకెక్కడం మందగిస్తుంది. ఎదురుగా కొండ ఉంటే దిగి తోసేవారు ఎవరూ ఉండరు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. విమానం, పైలట్లు, సామగ్రి కలిపి 2,700 కిలోలు అనుకుందాం. మిగిలింది 1,295. ట్యాంకులు నిండా పోస్తే ఇంధనమే సుమారు 1,000 కిలోలు. ఇక ముగ్గురు నలుగురికి మించి చోటు లేదు. అందుకే దారికి కావలసినంత, అత్యవసరానికి మరికొంత మాత్రమే ఇంధనం పోస్తారు. అది 500 కిలోలైతే 795 మిగులుతుంది. తొమ్మిదిమంది, మనిషికి 75 కిలోలు, సంచీకి 10 చొప్పున 765 కిలోలు. అంటే 30 కిలోల వెసులుబాటు. ఒక్కొక్కరు తమ బరువు 5 కిలోలు, సంచీ బరువు 2 కిలోలు తగ్గించి చెబితే? తొమ్మిది ఏడులు 63. పరిమితి దాటిపోయింది, ఎవరికీ తెలియకుండానే!

మన ప్రాంతానికి మరో చిక్కు ఉంది. జయపురం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. ఎండకు ఇంకా పలచబడుతుంది. వేసవి మధ్యాహ్నం 38 డిగ్రీలుంటే ఇక్కడి గాలి ప్రామాణిక గాలి కంటే సుమారు ఏడో వంతు పలచన. రెక్కలకు, ఇంజనుకు రెంటికీ ఆ లోటు తగులుతుంది. కనుక చలికాలం ఉదయం మోసినంత బరువు వేసవి మధ్యాహ్నం మోయలేకపోవచ్చు.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నదీ ముఖ్యమే. మనం కావిడి అనేదాన్ని ఒడియాలో భార అంటారు. ఒక తట్ట బరువెక్కితే కావిడి వాలిపోతుంది. విమానంలోనూ అంతే. బరువు వెనక్కి జరిగితే ముక్కు పైకి లేస్తుంది. పైలట్ దాన్ని దించలేకపోతే రెక్కలకు గాలి ఆధారం పోతుంది. వెనక సీటువారిని ముందుకు రమ్మనేది అందుకే.

2003 జనవరి 8న అమెరికాలోని షార్లట్‌లో ఒక చిన్న విమానం లేచిన కాసేపటికే కూలి 21 మంది మరణించారు. తోకను నియంత్రించే తీగను మరమ్మతులో సరిగా అమర్చకపోవడం ఒక కారణం, బరువు వెనక్కి పడడం మరొకటి. కాగితం మీద అంతా పరిమితిలోనే ఉంది. ఎందుకంటే ప్రయాణికులను తూచలేదు, మనిషికింత అని సగటు వేసుకున్నారు. నిజం బరువు దాన్ని మించింది. ఆ తరువాత అక్కడ సగటు లెక్కలు పెంచారు.

కనుక చిన్న విమానంలో వెళ్ళేవారు సంచీ ఇంట్లోనే తూచుకోండి. భుజాన వేసుకునే సంచీనీ లెక్కలో చేర్చండి. మీ బరువు అడిగితే నిజం చెప్పండి. చూపించిన సీట్లోనే కూర్చోండి.

ఇదంతా విన్న పిన్ని కాటా ఎక్కింది. చింతపండు నాకు అప్పగించి, "బస్సులో పంపించు బాబూ" అంది. మర్నాడు పంపించాను.