శిశువిహారములకు ధనము చాలునా?

అయిదేండ్లు నిండని బిడ్డకు వోటు లేదు, అర్జీ వ్రాయనేరడు, తనకు జరిగిన లోపమును జెప్పుకొన నోరు లేదు. కావుననే యతని పేర నున్న పద్దును గత్తిరించుట యే ప్రభుత్వమునకైనను సులభము. పద్దును బెంచియు బిడ్డకు మేలు చేకూర్పకుండుట యంతకంటె సులభము. ఈ రెండవ ప్రమాదమును చదువరుల దృష్టికి దెచ్చుట నేడు మా యుద్దేశము.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రప్రభుత్వము 1997లో నొక సాహసకార్యమునకు బూనుకొనెను. తలిదండ్రులు దినమునకు 5 డాలర్లు చెల్లించిన చాలును. తక్కిన వ్యయమును ఖజానా భరించును. మొదట నాలుగేండ్ల పిల్లలకును, 2000 నాటికి అంతకంటె చిన్నవారికిని ఈ సదుపాయము లభించెను. తల్లులు విశేషసంఖ్యలో నుద్యోగములలో బ్రవేశించిరి. ఇది స్వల్పఫలము గాదు. మఱి బిడ్డల మాట యేమి? బేకర్, గ్రూబర్, మిల్లిగన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2008లో బ్రకటించిన పరిశోధనమునందు, ఈ పథకము వచ్చిన పిమ్మట నచ్చటి పసివారిలో ఆందోళనమును దుడుకుతనమును హెచ్చినవని తేలెను. 2005 నాటి మఱియొక పరిశీలనమున, మంచి తరగతికి జెందిన శిశువిహారములు సుమారు నాలుగవ వంతు మాత్రమే యని వెల్లడి యయ్యెను.

దీనిని జూపి, శిశుపోషణమునకు ప్రభుత్వధనము తగదని వాదించువారు గలరు. ఆ వాదము నిలువదు. గిరాకి యొక్కుమ్మడిగ బెరిగెను. శిక్షణ గల సంరక్షకురాండ్రు అంత త్వరగా దొరకరైరి. తలిదండ్రులే పాలకవర్గమున నధికసంఖ్యాకులుగ నున్న లాభాపేక్ష లేని విహారములు మెఱుగుగ నుండెను. లాభమునకై నడుపబడినవానిలో లోపము లెక్కువగ గానవచ్చెను. చెఱువొక్కటియే యైనను, కాలువ మంచిచెడ్డలనుబట్టి పంట మాఱుచుండుట మన రైతు లెఱుగని విషయము గాదు.

కాలువ చక్కగ నున్నచో నేమగునో అమెరికాలోని ఇప్సిలాంటి పట్టణము చూపినది. 1962 మొదలు 1967 వఱకు అచ్చట 123 మంది నిరుపేద నల్లజాతి బిడ్డలను రెండు వర్గములుగ జేసి, అందు 58 మందికి పెర్రీ పాఠశాలలో బోధించిరి. ఉపాధ్యాయులు తగిన పట్టము బడసినవారు. ఒక్కొక్కరికి సుమారు ఆరుగురు పిల్లలు మాత్రమే. వారమున కొకమారు ప్రతి బిడ్డ యింటికిని బోయి తల్లితో మాటాడుచుండిరి. ఖర్చు హెచ్చుగనే యయ్యెను. ఆ బిడ్డలను నలువదేండ్ల ప్రాయము వఱకు గనిపెట్టి చూడగా, రెండవ వర్గమువారికంటె సంపాదన మెక్కువయు, నేరములు తక్కువయు నయ్యెను. జేమ్స్ హెక్‌మన్ బృందము లెక్కప్రకారము, పెట్టిన ధనము సాలునకు నూటికి 7 మొదలు 10 వంతుల ఫలము నిచ్చినది. ఇంత భద్రమైన వడ్డీ యే బ్యాంకునం దున్నది?

ఇక మన సంగతి. 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో సమగ్ర శిశు అభివృద్ధి సేవాపథకము ప్రారంభమయ్యెను. 2006లో సుప్రీముకోర్టు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రములు నెలకొల్పవలెనని యాజ్ఞాపించెను. ప్రపంచమున నింత విస్తృతమైన ప్రయత్నములు మిక్కిలి యరుదు. ఇందుకు మనము గర్వింపవచ్చును. కాని దానిని మోయుచున్న స్త్రీ స్థితి యెట్టిది? ఆమె కిచ్చునది జీతము గాదు, గౌరవవేతనమట! 2018లో కేంద్రము కార్యకర్తకు నిర్ణయించిన మొత్తము నెలకు 4,500 రూపాయలు. రాష్ట్రములు దానికి గొంత కలుపును. ఆహారము పెట్టుట, బరువులు తూచుట, టీకాలకు బిలుచుట, రిజిస్టర్లు నింపుట, ఫోనులో వివరము లెక్కించుట—ఇవన్నియు ముగిసిన పిమ్మట మిగిలిన గడియలో ఆమె బిడ్డలకు ఆటపాటలు నేర్పవలెను.

ఆమెకు గ్రాట్యుటీ హక్కు గలదని 2022లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున అంగన్‌వాడీ స్త్రీలు సమ్మె చేయగా, 2024 జనవరిలో ప్రభుత్వము వారిపై అత్యవసరసేవల చట్టమును బ్రయోగించెను. సేవ యత్యవసరమైనదట, సేవ చేయునామె మాత్రము ఉద్యోగిని గాదట! ఈ రెండు మాటలును ఒక్క నోట నెట్లు పొసగును?

కేంద్రమునకు స్థలమిచ్చి, గది గట్టించి, పేరు చెక్కించుకొను దాతలు మన గ్రామములలో గలరు, వారు శ్లాఘనీయులు. ఇకమీద ఆ గది గడపయొద్ద నిలిచి మూడు ప్రశ్నలు గూడ వేయుదురుగాక: ఈమె కెందఱు బిడ్డలు? ఈమె కేమి శిక్షణ మిచ్చితిరి? ఈమెకు నెలనెల జీత మందుచున్నదా? వోట్లు యాచింప వచ్చినవారిని గూడ నివియే యడుగవలెను. బిడ్డ యడుగజాలడు గనుక అడుగవలసిన బాధ్యత మనది.