దారిని బట్టి... బండి!

ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్ముడుపోయి నాలుగు డబ్బులు చేతిలో పడగానే కల్లూరు చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఓ చర్చ మొదలవుతుంది. ‘ఈసారైనా బండి కొందామా?’ అని. పెద్దబ్బాయి స్కార్పియో అంటాడు. ఇంటిపెద్ద బొలెరో చాలంటాడు. కాలేజీకెళ్లే చిన్నోడు ఫోన్లో థార్ బొమ్మ చూపిస్తాడు. వెనకసీట్లో కూర్చోవాల్సిన నాయనమ్మ మోకాళ్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు!

కొత్తది కొనాలంటే లక్షలకు లక్షలు. అందుకే చూపంతా సెకండ్‌హ్యాండ్ మీద. అక్కడ ఆరేడు లక్షలు పెట్టేవాళ్లకు ఎదురుగా పది రకాల బండ్లుంటాయి. అన్నీ తళతళలాడుతుంటాయి. అన్నీ ‘సింగిల్ ఓనర్, డాక్టరుగారి బండి’ అనే చెబుతారు. మరి ఏది కొనాలి? బండ్లను చూడటానికి వెళ్లేముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మీ బండి నెలలో ఎన్ని రోజులు తారురోడ్డు మీద తిరుగుతుంది, ఎన్ని రోజులు బురదలో దిగుతుంది?

రెండు దారుల ఊరు

కల్లూరు ఖమ్మం - సత్తుపల్లి రోడ్డు మీదుంది. ఆస్పత్రికీ, పిల్లల చదువుకూ, పెళ్లిళ్లకూ వెళ్లేది ఆ దారినే. బస్సులు, బొగ్గు లారీలు, జామాయిల్ కర్ర లోడుతో ఊగుతూ వచ్చే ట్రాక్టర్లు... వీటి మధ్యే మన ప్రయాణం. అదే బండి ఎన్నెస్పీ కాలువ కట్టెక్కి పొలానికి వెళ్లాలన్నా, వానాకాలం నల్లరేగడి డొంకలోకి దిగాలన్నా లెక్క మారిపోతుంది. ఇక సత్తుపల్లి దాటి దమ్మపేట, ములకలపల్లి మీదుగా పాల్వంచ, అక్కణ్నుంచి భద్రాచలం వెళ్లేవారికి అడవి దారి మొదలవుతుంది. భద్రాచలం దాటి చింతూరు, మారేడుమిల్లి వైపు వెళ్తే ఘాట్‌రోడ్డు. మలుపులెక్కువ, రాత్రిపూట మంచు, ఫోను సిగ్నలు అంతంతమాత్రం.

మనలో చాలామంది ఏడాదికి పది రోజులు ఎదురయ్యే బురదను తలచుకుని బండి కొంటారు. మిగతా మూడొందల యాభై రోజులూ దాన్ని తారురోడ్డు మీద, పెళ్లాంపిల్లల్ని ఎక్కించుకుని నడుపుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. బురదకు బాగా పనికొచ్చేది హైవే మీద అంత భద్రం కాకపోవచ్చు. హైవేకు తగినది డొంకలో దిగబడిపోవచ్చు.

ఛాసిస్ ఉందా... లేదా?

పెద్ద బండ్లలో రెండు జాతులున్నాయి. లారీకి ఉన్నట్టు కింద బలమైన ఛాసిస్, దానిమీద బాడీ కూర్చోబెట్టినవి ఒకటి. బొలెరో, స్కార్పియో, సుమో, తవేరా, ఇన్నోవా, థార్ ఈ కోవలోవి. బాడీయే ఛాసిస్‌గా తయారైనవి రెండోరకం. బ్రెజా, నెక్సాన్, క్రెటా, డస్టర్, ఎకోస్పోర్ట్, ఎర్టిగా వంటివి.

మొదటిరకంలో ఇంజిన్ బలం ఎక్కువగా వెనక చక్రాలకు వెళ్తుంది. ఆరేడుగురు ఎక్కినా, వెనక బరువున్నా ఎగుడుదిగుడు దారిలో నిబ్బరంగా లాగుతాయి. బొలెరోకైతే వెనక కమాన్ కట్టలుంటాయి. గుంతలో పడి విరిగినా ఊళ్లో మెకానిక్కే సరిచేస్తాడు. కానీ ఖాళీ బండి తడి రేగడిలో దిగితే సీను మారుతుంది. వెనక బరువుండదు కాబట్టి చక్రాలు ఉత్తినే తిరిగి గుంత తవ్వుకుంటాయి. ముందు చక్రాలతో లాగే బండికి ఇంజిన్ బరువు వాటి మీదే ఉంటుంది. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు పలచటి బురదలో అదే నయమనిపిస్తుంది. బరువుతో మిట్ట ఎక్కాల్సి వచ్చినప్పుడు మళ్లీ వెనక చక్రాల బండిదే పైచేయి.

కాగితం మీద అంకెల్ని కూడా గుడ్డిగా నమ్మలేం. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు బొలెరోకు 180 మిల్లీమీటర్లయితే ఎకోస్పోర్ట్‌కు 200, డస్టర్‌కు 205. అంటే బొలెరోనే తక్కువ! కానీ అయిదుగురు ఎక్కి, డిక్కీలో సామాను వేశాక మెత్తటి స్ప్రింగుల బండి కిందికి కూర్చుంటుంది. కమాన్ కట్టలది అంతగా దిగదు. అందుకే బండి చూసేటప్పుడు ఖాళీగా కాకుండా ఇంటిల్లిపాదీ ఎక్కి చూడాలి. నాయనమ్మ సహా!

ఫోర్‌వీల్ డ్రైవ్ మోజు చాలామందికి ఉంటుంది. అడవిలో, వాగుల్లో నిత్యం తిరిగే ఉద్యోగం ఉంటే సరే. లేదంటే దాని ఖర్చు దండగ. కొంటే మాత్రం ఆ లివరు వేసి చూడండి... మట్టినేల మీద. పాత థార్ వంటివాటిలో పొడి తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపు తిప్పితే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఏళ్లతరబడి ఎవరూ వాడకపోతే ఆ లివరు కదలనే కదలదు.

పిల్లలెక్కే బండి

సెకండ్‌హ్యాండ్ బేరంలో అందరూ మైలేజీ అడుగుతారు, ఏసీ అడుగుతారు. ఎయిర్‌బ్యాగ్ ఉందా అని అడిగేవాళ్లు అరుదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే ఏడాది జులై నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం వచ్చాయి. అంతకుముందు తయారైన తక్కువ ధర మోడళ్లలో చాలావాటికి ఇవేవీ లేవు. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2016లో ఎయిర్‌బ్యాగుల్లేని స్కార్పియోను గోడకు గుద్ది చూస్తే ఒక్క స్టారూ రాలేదు. 2018లో నెక్సాన్‌కు అయిదు, బ్రెజాకు నాలుగు స్టార్లు వచ్చాయి. 2024లో పరీక్షించిన బొలెరో నియోకు వచ్చింది ఒక్కటే. ఎత్తుగా, బరువుగా ఉంటే భద్రమనేది మన నమ్మకమే తప్ప పరీక్షలు ఆ మాట అనడంలేదు.

ఇంకో విషయం. మన దగ్గర పెద్ద బండి కొనగానే ముందు ఇనప గార్డు బిగించడం మామూలే. పాత బండికి అది ముందే ఉండొచ్చు. గార్డు ఉంటే ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరైన సమయంలో తెరుచుకోకపోవచ్చు. 2017 డిసెంబరులోనే కేంద్రం వీటిమీద చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది. బేరం కుదిరితే మొదట చేయాల్సింది దాన్ని పీకేయడమే.

కాబట్టి నా లెక్క ఇది. నెలలో పాతిక రోజులు తారురోడ్డే అయితే, రెండు ఎయిర్‌బ్యాగులున్న నెక్సానో బ్రెజానో చూసుకోండి. మనుషులు ఎక్కువైతే ఎర్టిగా. ఆ అయిదు రోజుల బురదకు ఊళ్లో ట్రాక్టరు ఉండనే ఉంది. రోజూ తోటకూ, గెలలు కోసే చోటకూ వెళ్లాలంటే మాత్రం 2019 జులై తర్వాత తయారైన బొలెరోను మించిన మేలైన బేరం ఈ ప్రాంతంలో కనిపించదు. వేగం అరవై, డెబ్భై దాటకుండా నడుపుకోవాలి మరి.

డీజిలు చిక్కు

పెద్ద బండి అంటే డీజిలే అన్నది పాతమాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లలో పొగగొట్టం దగ్గర మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. హైవే మీద కాసేపు ఏకబిగిన నడిస్తేనే ఆ మసి కాలి ఫిల్టరు శుభ్రపడుతుంది. ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి కిరాణాకొట్టుకు మూడేసి కిలోమీటర్లు తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. మార్చాలంటే ఖర్చు బాగానే అవుతుంది. అలా తిరిగేవారికి పెట్రోలే మంచిది. నెలకు వెయ్యి కిలోమీటర్లు, లీటరుకు పన్నెండు మైలేజీ, లీటరు వంద రూపాయలు అనుకుంటే ఇంధనానికే ఎనిమిదివేల మూడొందలు. ఇంట్లో అందరూ కూర్చుని ముందు ఈ లెక్క వేసుకోవాలి.

విడిభాగాల సంగతీ చూడాలి. క్వాలిస్ 2005లో, తవేరా 2017లో, సుమో 2019లో ఆగిపోయాయి. ఫోర్డ్ కూడా 2021లో మనదేశంలో కార్ల తయారీకి స్వస్తి చెప్పింది. క్వాలిస్ ఇంజిన్ గట్టిదే, కాదనలేం. కానీ ఇప్పుడున్న క్వాలిస్‌లన్నిటికీ ఇరవై ఏళ్లు దాటాయి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. డస్టర్ డీజిలు తీసుకునేవారు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడిగి చూడాలి. అది తెగితే ఇంజిన్ పోయినట్టే.

నీళ్లలో మునిగిన బండి

మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది దీనికే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు కాలనీల్ని ముంచెత్తాయి. ఇళ్లముందు నిలిపిన బండ్లెన్నో రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. వాటిలో కొన్నిటిని కడిగి, తుడిచి, సీటు కవర్లు మార్చి మళ్లీ అమ్మకానికి పెట్టరన్న నమ్మకం లేదు. నడిపి చూస్తే బాగానే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత ఒక్కో వైరూ, ఒక్కో సెన్సరూ పోవడం మొదలవుతుంది.

పట్టుకోవడం కష్టమేం కాదు. సీటుబెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద చార కనిపిస్తే అర్థమైపోతుంది. కాళ్లకింద మ్యాట్ ఎత్తి ముక్కుతో వాసన చూడండి. సీటు జరిపే పట్టాలకు తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, హెడ్‌లైటు లోపల నీటి గీత, ఫ్యూజుల పెట్టెలో సన్నటి మట్టి... ఇవి కడిగినా పోవు. ఏసీ వేయగానే బూజువాసన వచ్చినా అనుమానించాల్సిందే.

మిగతా పరీక్షలకు పొద్దున్నే వెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దాని అసలు సంగతి బయటపడుతుంది. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. నడుస్తున్న ఇంజిన్ ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నకూడదు. వెనకగొట్టంలో నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. కిలోమీటర్ల మీటరు తిప్పడం ఎవరికైనా సులువే. పెడల్ రబ్బరు, స్టీరింగ్, డ్రైవరు సీటు అరుగుదల అబద్ధం చెప్పవు. టైరు మీద నాలుగంకెలుంటాయి చూడండి. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారం తయారైందని. నలభై వేలే తిరిగిందన్న 2019 బండికి నాలుగు టైర్లూ 2024వి ఉంటే... అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టే. అద్దాల మీద కూడా తయారీ ఏడాది గుర్తుంటుంది. ఒక్క అద్దం తేడాగా ఉంటే ఆ వైపు దెబ్బ తగిలిందేమో చూడాలి.

ధర మాట్లాడేముందు కొత్తదాని ధర కనుక్కోవడం మరవద్దు. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ తగ్గి కొత్త బండ్ల ధరలు దిగాయి. పాతబండి యజమాని మాత్రం తాను కొన్నప్పటి రేటే చెబుతుంటాడు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు

మన సరిహద్దు జిల్లా కాబట్టి సత్తుపల్లి నుంచి కాస్త దూరం వెళ్తే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. అక్కడి బండి చవకగా దొరికిందని ఏపీ 39 నంబరుతోనే ఏళ్లతరబడి తిప్పడం కుదరదు. అమ్మే వ్యక్తి అక్కడి రవాణాశాఖ నుంచి ఎన్‌వోసీ తేవాలి. ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్‌టాక్స్ ఉంటాయి. ఆ ఖర్చు కలిపితే చవక బేరం చవకగా మిగలకపోవచ్చు. పాత ఏపీ 20 నంబరు చూసి కంగారుపడొద్దు, అది ఉమ్మడి రాష్ట్రంలో మన ఖమ్మందే.

పసుపు బోర్డు నుంచి తెల్లబోర్డుకు మార్చిన బండి అయితే అది ఎంత తిరిగిందో ఊహించుకోవచ్చు. కొన్నాక మీరూ తెల్లబోర్డు బండిని కిరాయికి తిప్పొద్దు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

ఫైనాన్స్ ఉన్న బండికి అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం, ఫారం 35 కావాలి. యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణాశాఖకు తెలియజేయాలి. ‘మనోడే కదా, తర్వాత మార్పించుకుంటాడులే’ అని సంతకాలు పెట్టిచ్చి ఊరుకునే అలవాటు మనకుంది. 2018లో సుప్రీంకోర్టు ఓ కేసులో తేల్చిచెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని. కాబట్టి అమ్మేవారికే ఇందులో ఎక్కువ తొందర ఉండాలి. బీమాను కూడా 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చుకోవాలి. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే వెళ్లిపోతుంది, బండితోపాటు రాదు. ఆ మేరకు ప్రీమియం పెరుగుతుందని ముందే అనుకోండి.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేముందు ఇంకొక్కటి... రెండో తాళంచెవి అడిగి తీసుకోండి.