కంటికి కనిపించని మెరుపు

సంస్కృతంలో 'తృణమణి' అనే చక్కని మాట ఒకటి ఉంది. తృణమంటే గడ్డిపోచ. వస్త్రంతో రుద్దినప్పుడు గడ్డిపోచలను తనవైపు లాక్కొనే మణి కనుక దానికి ఆ పేరు వచ్చింది. ప్రాచీన వృక్షాల జిగురు లక్షల సంవత్సరాలు భూగర్భంలో ఉండి గట్టిపడగా ఏర్పడిన పదార్థమిది. గ్రీకులు దీనిని 'ఎలెక్ట్రాన్' అన్నారు. ఆంగ్లంలోని 'ఎలక్ట్రిసిటీ' అనే పదానికి ఇదే మూలం.

తృణమణిలో కనిపించిన ఆ ధర్మానికి కారణం స్థిరవిద్యుత్తు. రెండు వేర్వేరు పదార్థాలు ఒరసుకొని విడిపోయినప్పుడు, ఒకదానిలోని ఎలక్ట్రానులు కొన్ని రెండవదానికి చేరుతాయి. పోగొట్టుకొన్నది ధనావేశాన్ని, పొందినది ఋణావేశాన్ని సంతరించుకొంటాయి. తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షించడం, చలికాలపు రాత్రి స్వెట్టరు విప్పుతుంటే చిటపట ధ్వనులు వినిపించడం మనకు అనుభవమే. ఆవేశం నిండిన చేయి లోహాన్ని తాకగానే ఆ ఆవేశం క్షణంలో ప్రవహించిపోతుంది. దీనిని విద్యుదుత్సర్గం అంటారు. ఆకాశంలోని మెరుపు కూడా ఈ జాతిదే, భేదం పరిమాణంలోనే.

ఉత్సర్గం మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. పొడిగాలిలో తివాచీ మీద నడిస్తే అంతకు ఎన్నో రెట్లు దేహంలో పోగుపడవచ్చు. అయినా ఆవేశం స్వల్పం కనుక మనకు హాని కలగదు. కంప్యూటరు చిప్పుల సంగతి వేరు. వాటి ట్రాన్సిస్టర్లలో విద్యుత్తును అడ్డగించే పొర మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. సున్నితమైన భాగాలు 250 వోల్టుల లోపు ఉత్సర్గానికే దెబ్బతినవచ్చు. అంటే, మనకు తెలియనైనా తెలియని మెరుపు వాటిపాలిట పిడుగన్నమాట.

కొన్నేళ్ల క్రితం నా శిష్యుడొకడు తండ్రి కూడబెట్టి ఇచ్చిన డబ్బుతో విడిభాగాలు కొని, సంక్రాంతి సెలవులలో స్వయంగా కంప్యూటరు కూర్చుకొన్నాడు. ఉన్ని దుప్పటి పరచి, భాగాలన్నీ దానిమీద పేర్చి పని ముగించాడు. యంత్రం చక్కగానే నడిచింది. మూడు నెలల తరువాత ఉన్నట్టుండి ఆగిపోసాగింది. ర్యామ్ చెడిందని తేలింది. "నాకు షాకేమీ కొట్టలేదు గదా సార్!" అన్నాడతడు అమాయకంగా. అది స్థిరవిద్యుత్తు పనేనని రుజువు చేయలేము, కాదనీ చెప్పలేము. ఉత్సర్గం తగిలిన చిప్పు ఒక్కొక్కసారి వెంటనే చెడదు. లోలోపల గాయపడి, కొంతకాలం పనిచేసి, ఆ తరువాత విఫలమవుతుంది. అటువంటి గాయానికి సాక్ష్యం దొరకదు.

మన తర్కశాస్త్రం ప్రత్యక్షంతోపాటు అనుమానాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించింది. పొగను చూసి నిప్పు ఉన్నదని ఊహించడం అనుమానం. పొడిగాలి, ఉన్ని దుప్పటి, నైలాను బట్టలు - ఇక్కడ ఇవే పొగ. వీటిని చూసి ఆవేశం ఉన్నదని గ్రహించడమే వివేకం.

కనుక ఇంట్లో ఇటువంటి పనికి పూనుకొన్నవారు నూలు వస్త్రాలు ధరించి, దుప్పటీ తివాచీ లేని చెక్కబల్లపై పనిచేయాలి. థర్మోకోల్, ప్లాస్టిక్ సంచులు దగ్గర ఉంచుకోరాదు. తేమగాలిలో వస్తువులపై ఏర్పడే పలుచని నీటిపొర ఆవేశాన్ని ఎక్కువసేపు నిలవనీయదు. చలికాలపు పొడిగాలిలోను, ఏసీ గదిలోను అది నిలిచి ఉంటుంది. ప్రతి భాగాన్నీ బిగించబోయే క్షణం వరకు దాని రక్షక సంచిలోనే ఉంచాలి. బోర్డులను అంచులతో పట్టుకోవాలే గాని పిన్నులను తాకరాదు.

అన్నింటికన్న ముఖ్యమైనది సమత్వం. ఎత్తుపల్లాలు ఉన్నచోటనే నీరు పారుతుంది. మన దేహం, కంప్యూటరు పెట్టె, చేతిలోని భాగం ఒకే పొటెన్షియల్ వద్ద ఉంటే ఉత్సర్గానికి తావే లేదు. అందుకే ప్లగ్గు తీసివేసి, ఒక్కొక్క భాగాన్ని అందుకొనే ముందు పెట్టెలోని రంగు వేయని లోహాన్ని తాకాలి. అదే లోహానికి తగిలించే మణికట్టు పట్టీ అయితే మరీ మంచిది.

ఈ పట్టీలో 1 మెగాఓమ్ నిరోధం ఉంటుంది. పొరపాటున 230 వోల్టుల తీగ తగిలినా దానిగుండా ప్రవహించేది 0.23 మిల్లీఆంపియర్లే. పొదుపు కోసం పట్టీకి బదులు వట్టి రాగితీగను చేతికి చుట్టుకొంటే ఆ రక్షణ ఉండదు. చిప్పును కాపాడబోయి ప్రాణాన్నే పణంగా పెట్టినట్లవుతుంది. పట్టీ ధరించి కరెంటు ఉన్న పరికరాలను ముట్టుకోరాదు. పవర్ సప్లై డబ్బాను ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉండవచ్చు.

నా శిష్యుడు మళ్లీ డబ్బు కూడబెట్టి మరొక ర్యామ్ కొన్నాడు. ఈసారి దుప్పటి లేదు. గుడిలో అడుగుపెట్టే ముందు గడపను తాకినట్లు, ముందుగా పెట్టె లోహాన్ని తాకి, ఆ తరువాతనే సంచి విప్పాడు.