గగన వనితలకు ఆలస్యపు వందనం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక విమానాలు నడిపిన మహిళలు శిక్షణ పొందిన చోటికి ఆనాటి విమానాలు మళ్లీ మళ్లీ ఎగిరొస్తున్నాయి. వారిని సైనికులుగా ఒప్పుకోవడానికి ప్రభుత్వానికి మాత్రం 33 ఏళ్లు పట్టింది.

పశ్చిమ టెక్సాస్‌లోని స్వీట్‌వాటర్ చిన్న పట్టణం. చుట్టూ మైదానం, మండే ఎండ, ఎడతెగని గాలి. ఆ గాలిని ఇప్పుడు వందలాది గాలిమరలు కరెంటుగా మారుస్తున్నాయి. ఎనభై ఏళ్ల కిందట అదే గాలికి ఎదురొడ్డి వెయ్యిమందికి పైగా యువతులు సైనిక విమానాలు నడపడం నేర్చుకున్నారు. ఊరికి పడమరన ఉన్న ఆ అవెంజర్ ఫీల్డ్‌లోనే వారి స్మారక మ్యూజియం ఉంది. 2005లో ప్రారంభమైన ఈ మ్యూజియం నిర్వహించే 'హోమ్‌కమింగ్' వేడుకకు స్టియర్‌మన్, బీటీ-13, ఏటీ-6 వంటి యుద్ధకాలపు శిక్షణ విమానాలను యజమానులే నడుపుకుంటూ వస్తారు. ఇలా ఎవరి విమానంలో వారు వచ్చి ఒకచోట కలుసుకోవడాన్నే అక్కడ 'ఫ్లై-ఇన్' అంటారు.

ఈ వేడుక వాస్ప్‌ల కోసం. 'విమెన్ ఎయిర్‌ఫోర్స్ సర్వీస్ పైలట్స్'కు అది పొట్టి పేరు. ఇంగ్లిషులో ఆ మాటకు కందిరీగ అనే అర్థం కూడా ఉంది. మగ పైలట్లు యుద్ధరంగానికి తరలిపోతుంటే స్వదేశంలో విమానాలు నడిపేవారు కరవయ్యారు. ఆ లోటు తీర్చేందుకు జాక్వెలిన్ కాక్రాన్, నాన్సీ హార్క్‌నెస్ లవ్ అనే ఇద్దరు పైలట్లు వేర్వేరుగా నడుపుతున్న దళాలను 1943 ఆగస్టులో ఒకటిగా కలిపారు. శిక్షణకు 25,000 మందికి పైగా దరఖాస్తు చేసుకుంటే 1,830 మందికి అవకాశం దక్కింది. చివరిదాకా నిలిచి ఉత్తీర్ణులైనవారు 1,074 మంది.

శిక్షణలో మగ క్యాడెట్లకు ఇచ్చిన రాయితీలేవీ వీరికి లేవు. విమానం నడపడం ముందే వచ్చి ఉండాలి. స్వీట్‌వాటర్ దాకా ప్రయాణ ఖర్చులు సొంతంగా పెట్టుకోవాలి. నెలకు 150 డాలర్ల జీతంలోంచే తిండికీ వసతికీ చెల్లించుకోవాలి. వారికిచ్చిన ఓవరాల్స్ మగవారి కొలతలకు కుట్టినవి. చేతులు మడిచి, నడుముకు బెల్టు బిగించి వాటితోనే నెట్టుకొచ్చారు. కాళ్లు పెడల్స్‌కు అందని పొట్టివారు వీపు వెనక దిండ్లు పెట్టుకునేవారు. పరీక్షకు ముందు అక్కడి గుండ్రటి రాతి కొలనులో అదృష్టం కోసం నాణేలు వేసేవారు. ఒంటరిగా తొలిసారి విమానం నడిపి దిగిన అమ్మాయిని సహచరులు అదే కొలనులో ముంచి లేపేవారు. ఆ కొలను ఇప్పటికీ ఉంది.

శిక్షణ ముగిశాక పని అంతకన్నా కష్టం. ఫ్యాక్టరీల నుంచి కొత్త విమానాలను స్థావరాలకు చేర్చాలి. మరమ్మతు చేసినవాటిని నడిపి చూడాలి. నిజమైన గుళ్లతో గురి నేర్చుకుంటున్న సైనికుల కోసం గుడ్డ లక్ష్యాలను విమానం వెనక కట్టుకుని లాగాలి. 1944లో బీ-29 బాంబర్‌ను నడపడానికి మగ పైలట్లు జంకుతుంటే, తర్వాత హిరోషిమా మీద బాంబు వేసిన విమానానికి సారథ్యం వహించిన పాల్ టిబెట్స్ ఇద్దరు వాస్ప్‌లకు దాన్ని నేర్పించి స్థావరాల్లో ప్రదర్శన ఇప్పించారు. ఆడవాళ్లు నడిపిన విమానానికి భయపడతామా అని మగవారిలో పౌరుషం రేపడమే ఆయన ఉద్దేశం.

ఈ సేవలో 38 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 11 మంది ఇంకా శిక్షణలో ఉన్నవారే. కానీ చట్టం దృష్టిలో వారంతా పౌర ఉద్యోగులు. శవపేటికను ఇంటికి చేర్చే ఖర్చును కుటుంబమో, చందాలు వేసుకున్న తోటి పైలట్లో భరించాల్సి వచ్చేది. పేటిక మీద జాతీయ పతాకం కప్పే హక్కు కూడా లేదు. చైనా సంతతికి చెందిన హేజల్ యింగ్ లీ 1944 నవంబర్‌లో విమానాలు ఢీకొన్న ప్రమాదంలో చనిపోయారు. కొద్ది రోజులకే ఆమె సోదరుడు ఫ్రాన్స్ యుద్ధరంగంలో నేలకొరిగాడు. కుటుంబం ఎంచుకున్న శ్మశానం, ఆ భాగం తెల్లవారికే అంటూ వారిని మొదట నిరాకరించింది. కుటుంబం పట్టుబట్టి గెలిచింది.

వాస్ప్‌లకు సైనిక హోదా ఇచ్చే బిల్లు 1944 జూన్‌లో ప్రతినిధుల సభలో 188-169 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ ఏడాది డిసెంబర్ 20న దళాన్నే రద్దు చేశారు. వచ్చినట్టే సొంత ఖర్చులతో ఇళ్లకు వెళ్లిపొమ్మన్నారు. 1970లలో అమెరికా వైమానిక దళం సైనిక విమానాలు నడిపే 'తొలి' మహిళలకు శిక్షణ ఇస్తున్నామని చాటుకున్నప్పుడు నడివయసు దాటిన వాస్ప్‌లకు కోపమొచ్చింది. వారు వాషింగ్టన్‌లో ఉద్యమించారు. యుద్ధకాలంలో తానూ విమానాలు చేరవేసిన సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ వారి పక్షాన నిలిచారు. 1977 నవంబర్‌లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో మాజీ సైనికుల గుర్తింపు లభించింది. కాంగ్రెస్ స్వర్ణ పతకం అందుకోవడానికి మాత్రం 2010 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పటికీ కథ ముగియలేదు. 2015లో ఎలైన్ హార్మన్ అనే వాస్ప్ 95 ఏళ్ల వయసులో మరణించారు. ఆమె చితాభస్మాన్ని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఉంచేందుకు సైన్యం అనుమతించలేదు. మనవరాళ్లు ఆ అస్థికలను ఇంట్లోనే భద్రపరచి పోరాడారు. 2016 మే 20న ఒబామా సంతకంతో చట్టం మారింది. సెప్టెంబర్‌లో హార్మన్ ఆర్లింగ్టన్ చేరారు.

ఆ సంతకం జరిగిన నెల తిరక్కుండానే, జూన్ 18న, హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ భారత తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా పట్టాలందుకున్నారు. స్వీట్‌వాటర్ యువతులు నేర్చుకున్న ఏటీ-6 మన వైమానిక దళానికీ పాత పరిచయమే. హార్వర్డ్ పేరుతో అది ఇక్కడ తరాల మగ పైలట్లను తయారుచేసింది. అమ్మాయిల వంతు రావడానికే ఆలస్యమైంది.

హోమ్‌కమింగ్ ఒకప్పుడు పాత స్నేహితురాళ్ల కలయిక. కోర్సులవారీగా కూర్చుని, ఎవరు ఏ విమానంలో భయపడ్డారో చెప్పుకుని నవ్వుకునేవారు. చివరి బ్యాచ్‌లో అతి చిన్న వయసు యువతి ఈనాటికి ఉన్నా నూరేళ్లకు అటూఇటూ ఉంటారు. ఇక ఆ కబుర్లు చెప్పేవారు కూతుళ్లు, మనవరాళ్లు, ఆ యంత్రాలను ఎగరనిస్తున్న యజమానులే. ఎనభై ఏళ్ల ఇంజన్‌కు విడిభాగాలు దొరకవు, నిర్వహణ ఖర్చు తక్కువ కాదు. అయినా వారు వాటిని మూలన పెట్టకుండా ఎగరేస్తున్నారు. చక్రాలు రన్‌వేను తాకిన ప్రతిసారీ, ఈ పని ఇక్కడ ఎవరు చేశారన్న ప్రశ్న చూసేవారికి కలుగుతుంది. జవాబు గోడ మీది పేర్లలో ఉంది.